రెండు తడులు మిగులుస్తుందన్న డబ్బా: ఆదిలాబాద్ గోధుమలో నానో జింక్ కేసు

నానో జింక్ (జింకును చాలా సన్నటి రేణువులుగా చేసిన పిచికారీ మందు) వాడిన ఈ పొలంలో దిగుబడి పెరిగింది. అయితే డబ్బా పేరుతో చెప్పిన కారణంతో, అంటే ఎద్దడిని ఆపి రెండు తడులు మిగల్చడంతో మాత్రం కాదు. ఆ తేడా ఎలా బయటపడిందో, ఒక్కో దశలో ఎందుకు ఏ నిర్ణయం తీసుకున్నామో రాస్తే, ఇలాంటి డబ్బా పట్టుకుని వచ్చే రైతుకు సమాధానం చెప్పాల్సిన వాళ్లకు పనికొస్తుందని అనుకుంటున్నాను. రైతు పేరు, ఊరు, మందు పేరు రాయడం లేదు. గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు వివరాలు కూడా మార్చాను.

నేపథ్యం

తెలంగాణలో గోధుమ పెద్ద పంటేమీ కాదు. ఆదిలాబాద్ వైపు, జహీరాబాద్ వైపు కొద్దికొద్దిగా వేస్తారు. ఆదిలాబాద్‌లో చలి గట్టిగా ఉంటుంది, పెన్‌గంగ దాటితే మహారాష్ట్రే. వానాకాలం సోయా కోసిన నల్లరేగడిలో ఎక్కువమంది శనగ వేస్తే, బోరు ఉన్నవాళ్లు ఒకటి రెండు ఎకరాల్లో ఇంటి తిండికని గోధుమ చల్లుకుంటారు. ఈ కేసులోని రైతు మాత్రం ఐదెకరాల్లో అమ్మకానికే వేసే మనిషి.

ఇక్కడి గోధుమకు రెండు గండాలు. ఒకటి నీళ్లు. నవంబరులో రెండించులు పోసే బోరు, సంక్రాంతి దాటేసరికి ఆగి ఆగి పోస్తుంది. రెండోది ఎండ. ఉత్తరాదిలో మార్చి చివరికి వచ్చే వేడి మనకు ఫిబ్రవరిలోనే తగులుతుంది. గింజ పాలు పోసుకునే సమయానికి నీళ్లూ తగ్గి, ఎండా ముదిరితే గింజ నొక్కుకుపోతుంది. గోధుమ శాస్త్రవేత్తలు మహారాష్ట్ర, కర్ణాటకలతో పాటు మన ప్రాంతాన్ని కూడా ద్వీపకల్ప మండలం కింద విడిగా లెక్కపెట్టి, తక్కువ తడులకు వేరే రకాలు విడుదల చేసేది ఇందుకే.

రైతు అడిగింది

నా దగ్గరికి వచ్చేటప్పుడే చేతిలో అర లీటరు డబ్బా ఉంది. నానో జింక్ ఆక్సైడ్. "సారూ, ఇది రెండుసార్లు కొడ్తే రెండు తడులు మిగుల్తయంటున్నరు. నిజమేనా?" అన్నాడు. దాంతోపాటు నానో యూరియా కొట్టి రెండో దఫా యూరియా మానెయ్యమని కూడా దుకాణంలో చెప్పారట.

యూరియా సంగతి కాగితం మీదే తేలిపోయింది. 2021లో మార్కెట్లోకి వచ్చిన తొలి రకం నానో యూరియాలో నత్రజని 4 శాతం. అంటే అర లీటరు సీసాలో ఉండేది 20 గ్రాములు. 45 కిలోల యూరియా బస్తాలో దాదాపు 20.7 కిలోలు ఉంటుంది. ఆకు మీద కొట్టింది వృథా కాదని ఎంత ఉదారంగా లెక్కేసినా వెయ్యి రెట్ల తేడా పూడదు. పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం రెండేళ్లు పొలంలో పరీక్షించినప్పుడు, మామూలు నత్రజని తగ్గించి నానో యూరియా కొట్టిన చోట గోధుమ దిగుబడి 21.6 శాతం, వరి 13 శాతం పడిపోయాయి. అసలే నీటి ఎద్దడి ఉన్న పంటకు నత్రజని కూడా కోస్తే ఏ లోటు దేనివల్ల వచ్చిందో ఎవరూ చెప్పలేరు. అందుకని యూరియా జోలికి పోవద్దన్నాను, ఒప్పుకున్నాడు.

జింక్ విషయం అంత సులువుగా కొట్టిపారేసేది కాదు. నీళ్లు తగ్గినప్పుడు మొక్క ఆకు రంధ్రాలు మూసుకుంటుంది. కార్బన్ డయాక్సైడ్ లోపలికి రాదు, ఎండ మాత్రం పడుతూనే ఉంటుంది. ఖర్చు కాని ఆ శక్తి ఆకులో హానికరమైన ఆక్సిజన్ రూపాలను పుట్టిస్తుంది. అవి కణపొరలను, పచ్చదనాన్ని తినేస్తాయి. వాటిని అణిచే ఎంజైముల్లో ఒకటైన సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్‌కు జింక్ కావాలి. కాబట్టి జింక్ లోపించిన మొక్క ఎండకు, ఎద్దడికి తొందరగా లొంగుతుంది. కుండీల్లో పెంచిన గోధుమ, జొన్న మీద నానో జింక్ ఆక్సైడ్ ఎద్దడి దెబ్బను కొంత తగ్గించినట్టు పరిశోధనలు చాలానే ఉన్నాయి. ఇక రేణువు నానో అంటే 100 నానోమీటర్లలోపు. మన వెంట్రుక మందం దాదాపు 80 వేల నానోమీటర్లు ఉంటుందనుకుంటే ఎంత చిన్నదో తెలుస్తుంది. రేణువు చిన్నదయ్యే కొద్దీ అదే బరువుకు ఉపరితలం పెరుగుతుంది, ఆకుకు పట్టుకుని మెల్లగా కరుగుతుంది. సిద్ధాంతంలో తప్పేమీ లేదు.

కుండీకి, పొలానికి ఉన్న తేడానే నన్ను ఆపింది. కుండీలో వేరు దిగేంత లోతే ఉండదు, ఎద్దడి మనం పెట్టినంతే ఉంటుంది. పొలంలో వేరు కిందికి దిగి నీళ్లు వెతుక్కుంటుంది.

పొలానికి వెళ్లి మట్టి తీశాం. ఉదజని సూచిక (పీహెచ్) 8.2, అంటే క్షార నేల; జింక్ 0.4 పీపీఎం (పది లక్షల భాగాల్లో 0.4 భాగం). 0.6 కంటే తక్కువైతే లోపం కింద లెక్క. పాత పంట ఫొటోలు రైతు ఫోన్లో ఉంటే అవి కూడా చూశాను. నడిమి ఆకుల్లో పొడవుగా పాలిపోయిన చారలు, కొన్ని ఆకులు సరిగ్గా మధ్యలో ఎండి అక్కడే విరిగినట్టు వంగి ఉన్నాయి. నీటి ఎద్దడికి ఆకు చుట్ట చుట్టుకుంటుంది, సాయంత్రానికి మళ్లీ విచ్చుకుంటుంది. మధ్యలో ఎండి వంగే ఆకు జింక్ లోపానిది. ఏటా ఇది నీళ్లు చాలక వచ్చిందనే రైతు అనుకుంటున్నాడు.

ఇక్కడే అసలు ప్రశ్న మారింది. ఈ నేలలో ఏ రూపంలో జింక్ ఇచ్చినా పంట బాగుపడే అవకాశం ఉంది. డబ్బా కొట్టి పంట బాగైతే, అది నానో గొప్పతనమా, జింక్ గొప్పతనమా? పక్కన మామూలు జింక్ సల్ఫేట్ లేకుండా ఆ డబ్బాను పరీక్షించడంలో అర్థం లేదు.

మొదటి యాసంగి

రైతు ఎప్పుడూ వేసే లోక్-1 రకమే వేశాడు. నాలుగు రకాల చారలు పెట్టాం: ఏమీ కొట్టనిది, ఉత్త నీళ్లు కొట్టింది, నానో జింక్, లీటరుకు 5 గ్రాముల జింక్ సల్ఫేటును 2.5 గ్రాముల సున్నంతో కలిపింది. ఉత్త నీళ్ల చార ఎందుకని రైతు నవ్వాడు. ఎద్దడిలో ఉన్న ఆకు మీద ఏది తడిపినా ఆ సాయంత్రం తేటగా కనిపిస్తుంది. మందు కొట్టిన మర్నాడే "సూడు, ఎట్ల లేసిందో" అనే మాట పుట్టేది అక్కడే.

ఈ నాలుగు చారలనూ పొలం పైభాగంలో, నడిమిలో, దిగువన మూడుచోట్ల వేశాం. పైన జానెడు మట్టి కిందే మొరం తగులుతుంది, దిగువన లోతైన రేగడి. ఒక్కచోటే వేసి ఉంటే నేల తేడా మందు తేడాలా కనిపించేది.

మందు షెడ్యూలు డబ్బా మీద ఉన్నదే: పిలకల దశలో ఒకసారి, పూతకు ఒకసారి. రైతుకు ఇచ్చిన మాట అదే కాబట్టి మార్చలేదు.

ఫలితం చప్పగా వచ్చింది. నానో చారకు, ఏమీ కొట్టని చారకు కంటికి గానీ తూకానికి గానీ తేడా లేదు. జింక్ సల్ఫేట్ చార మాత్రం మూడుచోట్లా కొంచెం పచ్చగా ఉంది. దీన్నిబట్టి నానో జింక్ పనికిరాదని రాసేసి కేసు మూసెయ్యవచ్చు. ఒకే మూలకం ఒక రూపంలో పలికి ఇంకో రూపంలో అసలే పలకకపోవడం మాత్రం నాకు మింగుడుపడలేదు.

పిచికారీ చేసిన కుర్రాణ్ని కూర్చోబెట్టి అడిగితే విషయం బయటికొచ్చింది. మందు ఇచ్చిన దుకాణంలో, నానో జింక్‌తో పాటు 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ మూడూ ఉన్న నీళ్లలో కరిగే ఎరువు) కూడా కలిపి కొడితే పంట ఊపందుకుంటుందని చెప్పారట. బ్యాటరీ పంపులో బోరు నీళ్లు పోసి రెండూ కలిపాడు. పంపు అడుగున తెల్లగా గసి పేరుకుందని, నాజిల్ రెండుసార్లు విప్పి ఊదాల్సి వచ్చిందని తనే చెప్పాడు.

మర్నాడు మూడు గాజు సీసాలు తీసుకుని రైతు ఇంటి అరుగు మీదే పరీక్ష పెట్టాం. ఒకదాంట్లో బోరు నీళ్లు, ఇంకోదాంట్లో వాటర్ ప్లాంట్ క్యాన్ నీళ్లు, మూడోదాంట్లో బోరు నీళ్లలో 19-19-19. మూడింట్లోనూ ఒకే మోతాదు నానో జింక్ వేసి కదిపాం. క్యాన్ నీళ్ల సీసా తెల్లారేవరకూ పల్చని మజ్జిగలా ఒకే తీరుగా ఉంది. బోరు నీళ్లది పూట గడిచేసరికి పైన తేటపడటం మొదలైంది. ఎరువు కలిపింది మాత్రం మేము చూస్తుండగానే ముక్కలుగా కట్టి అడుక్కి దిగింది.

కారణం తెలిసిందే. నానో రేణువులు ఒకదాన్నొకటి తోసుకుంటూ విడివిడిగా తేలడానికి వాటి మీదుండే విద్యుదావేశమో, పై పూతో ఆధారం. నీళ్లలో సున్నపు లవణాలు ఎక్కువైతే ఆ తోపు తగ్గి, రేణువులు ముద్ద కడతాయి. ఫాస్ఫేట్ తగిలితే ఇంకా అన్యాయం, జింక్ దానితో కలిసి కరగని పదార్థమైపోతుంది. అడుగున పడ్డ గసిలో నానో అనేదే మిగలదు. మనం కొట్టింది చాలావరకు ముతక సుద్ద.

సమయం కూడా కలిసిరాలేదు. పూత పిచికారీ నాటికి బోరు తగ్గి, పొద్దున పదకొండుకే ఆకులు చుట్టుకుంటున్నాయి. కుర్రాడు కొట్టింది సరిగ్గా ఆ ఎండలోనే. చుట్టుకున్న ఆకు మీద చుక్క నిలవదు, నిలిచినా నిమిషాల్లో ఆరిపోతుంది. ఎద్దడి ముదిరాక కాదు, ముదరకముందే జింక్ ఆకులో ఉండాలి.

రెండో యాసంగి

ఈసారి ముందు నీళ్ల లెక్క తేల్చుకున్నాం. రైతు అలవాటు పన్నెండు రోజులకోసారి పారించడం. దాంతో నీళ్లు బాగా ఉన్న నవంబరు, డిసెంబరుల్లో అవసరానికి మించి తాగించి, గింజ కట్టే వేళకు చేతులెత్తేసేవాడు. ఉన్న బోరుకు మూడు తడులు ఖాయం, నాలుగోది అదృష్టం. మూడే ఉంటే అవి ఎప్పుడివ్వాలో గోధుమలో పెద్ద వాదన లేదు. మొదటిది విత్తిన మూడు వారాలకు, నేల కిందున్న కణుపు నుంచి అసలు వేర్లు దిగే దశలో. ఇది తప్పితే పిలకలూ తగ్గుతాయి, వేర్లూ పైపైనే ఉండిపోతాయి. రెండోది పొట్ట దశలో (కంకి ఇంకా ఆకు తొడుగులోనే ఉన్నప్పుడు), మూడోది గింజ పాలు పోసుకునేటప్పుడు. పారకం మాని స్ప్రింక్లర్ పెట్టించాం. నెర్రెలిచ్చిన రేగడిలో పారించిన నీళ్లు సగం నెర్రెల్లోకే పోతాయి.

విత్తనం మార్చి, తక్కువ తడులకని మహారాష్ట్రలోని నిఫాడ్ పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన నేత్రావతి (ఎన్ఐఏడబ్ల్యూ 1415) పొలమంతా వేశాం. కొంత లోక్-1, కొంత నేత్రావతి వేద్దామని రైతు అన్నాడు గానీ, చారల పరీక్షలో రకాలు కలిస్తే ఏదీ తేలదు. పొలమంతా ఒకే రకమైతే ఈ ఏడాది చారల్ని ఒకదానితో ఒకటి పోల్చవచ్చు. నిరుటి దిగుబడితో మాత్రం పోల్చకూడదు. నానో సిలికా (ఇసుకలో ఉండే సిలికానే నానో రేణువులుగా చేసింది) కూడా కొడదామని రైతు అన్నా ఇదే కారణంతో వద్దన్నాను.

చారలు ఐదయ్యాయి. కొత్తగా చేరింది, విత్తే ముందే ఎకరాకు 10 కిలోల లెక్కన జింక్ సల్ఫేట్ నేలలో వేసిన చార. భాస్వరం ఎరువుతో కలవకుండా రెండు మూడు రోజులు ఎడం పెట్టించాం. నానో జింకును క్యాన్ నీళ్లలోనే, వేరే ఏదీ కలపకుండా, పొద్దున్నే కొట్టించాం. ఒకసారి పిలకల దశలో, ఇంకోసారి పొట్టకు ముందు, ఆకు ఇంకా రోజంతా విచ్చుకుని ఉన్నప్పుడే. మాస్కు, గ్లోవ్స్ లేకుండా ముట్టుకోనివ్వలేదు. ఇంత సన్నటి రేణువు పొగమంచులా లేస్తే ఊపిరితిత్తుల లోతుకి పోతుంది, దీన్ని మన దగ్గర ఎవరూ పట్టించుకోరు.

దుకాణం మాటకు అసలు పరీక్ష వేరే పెట్టాం. ఐదు చారలకూ అడ్డంగా ఒక పట్టీ గుర్తుపెట్టి, పొట్ట దశ తడిలో అక్కడ స్ప్రింక్లర్ పైపు వెయ్యలేదు. డబ్బా నిజంగా తడిని మిగిల్చేదైతే, ఆ పట్టీలో నానో చార మిగతావాటికంటే నిలబడాలి.

తడులు సక్రమంగా అందిన చోట ఫలితం స్పష్టంగా వచ్చింది. జింక్ ఏ రూపంలో పడ్డా పంట మారింది. మధ్యలో వంగే ఆకులు దాదాపు లేవు, కంకులు రెండు మూడు రోజులు ముందే, ఒకే ఈడుగా వచ్చాయి. ప్రతి చార నడిమి భాగాన్ని కొడవలితో కోసి వేరుగా నూర్పించి తూస్తే, జింక్ లేని చారలకంటే ఎకరాకు సుమారు రెండు క్వింటాళ్లు ఎక్కువ. నానో చార, జింక్ సల్ఫేట్ పిచికారీ చార, నేలలో వేసిన చార, ఈ మూడింటి మధ్య తేడా పొలం పైభాగానికీ దిగువకూ ఉన్న తేడా కంటే తక్కువ. అంటే ఒకదాన్ని గెలిచిందని చెప్పే వీల్లేదు. నానోకు కనిపించిన సౌకర్యం మోతాదు చిన్నది కావడం, సున్నం కలిపే బాధ లేకపోవడం. ఖర్చులో మాత్రం జింక్ సల్ఫేట్ మూడో వంతుకు కూడా రాలేదు.

తడి ఆపిన పట్టీలో జరిగింది నేను ఊహించనిది. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో పైరు వేడి చూస్తూ వచ్చాం. ఆకు నీళ్లు ఆవిరి చేస్తున్నంతసేపు పైరు చల్లగా ఉంటుంది, రంధ్రాలు మూసుకుంటే వేడెక్కుతుంది. మొదటి వారం జింక్ చారలన్నీ, నానోతో సహా, ఏమీ కొట్టనిదానికంటే చల్లగా ఉన్నాయి. అప్పుడు వచ్చి చూసినవాళ్లెవరైనా మందు పనిచేసిందనే చెప్పేవాళ్లు. తర్వాత లెక్క తిరగబడింది. పైభాగంలో, మొరం మీద మట్టి తక్కువున్న చోట, జింక్ చారలే ముందుగా వేడెక్కాయి, ఆకులు పొద్దున తొమ్మిదింటికే చుట్టుకున్నాయి. బక్కగా ఉన్న ఏమీ కొట్టని చార ఇంకో రెండు మూడు రోజులు లాక్కొచ్చింది. దిగువ రేగడిలో మాత్రం తిరగబడలేదు.

ఆలోచిస్తే ఇందులో వింతేం లేదు. జింక్ తగిలిన పైరుకు పిలకలెక్కువ, ఆకెక్కువ. ఆకు ఎక్కువైతే రోజుకు తాగే నీళ్లూ ఎక్కువ. కింద నిల్వ ఉన్న నేలలో వేరు వెతుక్కుంటుంది. జానెడు మట్టిలో ఉన్నదంతా తొందరగా తాగేసి ఎండుతుంది. కుండీల ప్రయోగాల్లో రోజూ తూచి నీళ్లు పోస్తారు కాబట్టి ఈ సంగతి వాటిలో కనిపించదు. కోతకొచ్చేసరికి ఆ పట్టీలో ఐదు చారలదీ దాదాపు ఒకటే గతి, నొక్కుకుపోయిన గింజ. తడి అందిన చోటుతో పోలిస్తే ఎకరాకు మూడు క్వింటాళ్ల వరకు తగ్గింది. ఒక్క తడిని కూడా ఏ డబ్బా మిగల్చలేదు.

ఈ కేసు తర్వాత నా పద్ధతిలో మారినవి

నానో మందు తెచ్చిన రైతును ముందుగా అడిగేది మట్టి రిపోర్టు. ఆ మందులో ఉన్న పోషకం నేలలో చాలినంత ఉంటే, ఇంత చిన్న మోతాదుతో ఎద్దడి ఆగుతుందని నేను చెప్పను. లోపం ఉంటే మొదటి సలహా చవకైన రూపమే. గోధుమలో జింక్ సల్ఫేట్ ఒకసారి నేలలో వేస్తే రెండు మూడు పంటలకు సరిపోతుంది. పంట మీదున్నప్పుడు లోపం కనబడి, రైతు సున్నం తంటా వద్దంటే, అప్పుడు నానో జింక్ కొట్టుకోవచ్చు. ఎద్దడి రాకముందే, మంచి నీళ్లలో, ఒంటరిగా కొట్టాలి. గింజ పాలు పోసుకునేటప్పుడు జింక్ కొడితే గింజలో జింక్ పెరుగుతుందనేది వేరే సంగతి, ఇంటి తిండికి వేసుకునేవాళ్లకు అది పనికొచ్చేదే. దాన్ని దిగుబడి లెక్కలో కలపకూడదు.

సీసా పరీక్ష ఇప్పుడు నా సంచిలోంచి పోదు. రైతు బోరు నీళ్లలో మందు కలిపి కళ్లముందు పెడితే, నేను అరగంట చెప్పేదానికంటే తొందరగా అర్థమవుతుంది. గడ్డి మందు, పురుగు మందు, నానో అన్నీ ఒకే పంపులో కలిపి కూలి మిగుల్చుకోవడం ఇప్పుడు మామూలైపోయింది, దాన్ని ఆపాలంటే మాటలు చాలవు.

ఇక తడి ఎగ్గొట్టే మాట వస్తే, నేల లోతు చూడకుండా జవాబు ఇవ్వను. లోతు తక్కువున్న ముక్కలో ఈ రైతు ఇప్పుడు గోధుమ మానేసి శనగ వేశాడు. మిగిలిన ముక్కలో నేత్రావతి, నేలలో జింక్ సల్ఫేట్, మూడు తడులు. నానో జింక్ డబ్బాకు పెట్టే డబ్బులతో ఇంకో నాలుగు స్ప్రింక్లర్ పైపులు కొన్నాడు.

సిలికా మీద ఆయన పట్టు మాత్రం వదల్లేదు. గోధుమ సిలికాన్‌ను బాగానే పీల్చుకునే పంట, ఆకు పైపొరలో అది పేరుకుంటే నీటి ఆవిరి తగ్గే అవకాశం ఉంది కాబట్టి నేనూ కాదనలేదు. ఈ యాసంగి దిగువ రేగడిలో నానో సిలికా చారలు వేస్తున్నాం. పక్కనే మామూలు పొటాషియం సిలికేట్ చార, ఉత్త నీళ్ల చార, తడి ఆపే పట్టీ కూడా ఉంటాయి.